శనివారం సాయంత్రం సైకిలుకు అరగంట

కిందటి వర్షాకాలంలో మా అమ్మాయి హైస్కూలు నుండి వస్తూ, కాలువగట్టు దిగేచోట బ్రేకు పట్టక తుమ్మకంపలో పడింది. మోచేయి మాత్రమే గీరుకుపోయింది. ఆ రాత్రి సైకిలు చూస్తే, బ్రేకు రబ్బర్లు ఇనుము కనబడేంతగా అరిగిపోయి ఉన్నాయి. అవి ఒక్కరోజులో అరిగినవి కావు. ఇన్ని నెలలు నేను చూడలేదు, అంతే. తప్పు సైకిలుది కాదు, నాది.

అప్పటినుండి శనివారం సాయంత్రం, ఆదివారం ఆరాధనకు బట్టలు సర్దుకునే వేళ, మేమిద్దరం అరగంట సైకిలు చూసుకుంటున్నాము. మీ ఇంటిలోనూ పిల్లలతో కలిసి ఇది చేయవచ్చు.

మొదట బ్రేకులు: సైకిలును ముందుకు నెడుతూ ఒక్కొక్క బ్రేకు నొక్కండి. చక్రం వెంటనే ఆగాలి. రబ్బరుకు, రిమ్ముకు మధ్య 2 లేక 3 మిల్లీమీటర్ల సందు చాలు. రబ్బరు అరిగితే రెండు వైపులా ఒకేసారి మార్చండి. రిమ్ముకు నూనె అంటితే సబ్బునీటితో కడగండి.

చైను: కిరోసిన్ గుడ్డతో మట్టి తుడవండి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు. ఆరిన తరువాత పెడలు వెనుకకు తిప్పుతూ చుక్క చుక్కగా నూనె వేయండి. పైకి వచ్చిన నూనెను తుడిచివేయండి, లేకపోతే దానికి దుమ్ము పట్టుతుంది. చైను మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం కదలాలి. అంతకంటె ఎక్కువ వదులైతే వెనుక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని రెండు వైపులా సమానంగా వెనుకకు లాగి బిగించండి.

పంక్చరు: గాలి దిగిపోగానే ట్యూబు విప్పకండి. ముందు వాల్వు మీద కాస్త నీరు వేయండి. బుడగలు వస్తే లోపలి చిన్న రబ్బరు గొట్టం మార్చితే సరిపోతుంది. బుడగలు రాకపోతే ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్లలో ముంచి చిల్లు పట్టుకోండి. ఆ చోటు తడి లేకుండా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా రాయండి. అది కాస్త ఆరేవరకు ఓపిక పట్టి, అప్పుడు ముక్క అతికించి గట్టిగా నొక్కండి. తొందరపడితే అతుకు ఊడిపోతుంది. ట్యూబు మరల ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డతో తడిమి చూడండి. ముల్లు అక్కడే ఉంటే మీ శ్రమ వృథా!

ఈ గాలి టైరు వెనుక కూడా ఒక తండ్రి ఉన్నాడు. ఐర్లండులోని బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రాల బండి కుదుపులు లేకుండా నడవాలని గాలి నింపిన రబ్బరు గొట్టం అమర్చి చూశాడు. 1888లో దానికి పేటెంటు పొందాడు.

అయితే అన్నీ మనమే చేయరాదు. చక్రం బెండు తీయడం, ఫోర్కు పగులు, హ్యాండిలు పట్టు తప్పడం వంటివి సైకిలు షాపువారికే అప్పగించండి. అంతవరకు పిల్లలను ఆ సైకిలు ఎక్కనివ్వకండి.

మొన్న దారిలో స్నేహితురాలి చైను ఊడితే, మా అమ్మాయే ఎక్కించిందట. ఇంటికి వచ్చి నల్లబడిన చేతులు చూపించి నవ్వింది.