ఏ రోజు వేసుకుంటున్నారు?

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మమ్మకి కీళ్ళవాతం అని తేలింది. డాక్టరుగారు మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాముల మాత్ర, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ రాశారు. చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్ళింది నేనే. కౌంటర్లో ఉన్నతనిది నా వయసే ఉంటుంది. చకచకా స్ట్రిప్ తీసి, కవరు మీద "రాత్రి 1" అని రాసిచ్చాడు. ఫోలిక్ యాసిడ్ స్టాకు లేదన్నాడు.

మూడు రోజులయ్యాక దానికోసం ఇంకో షాపుకి వెళ్ళాను. అక్కడి ఫార్మసిస్టు మేడం చీటీ మొత్తం చదివి, "మెథోట్రెక్సేట్ ఏ రోజు వేసుకుంటున్నారు?" అని అడిగారు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. రోజూ రాత్రి వేస్తున్నాం మేడం అన్నాను. ఆవిడ చేతిలో పెన్ను పక్కన పెట్టేశారు.

"అది వారానికి ఒక్కసారి వేసే మాత్ర బాబూ. ఇవాళ వెయ్యకండి. ముందు డాక్టరుగారికి ఫోన్ చెయ్యి."

అప్పటికే మూడు రాత్రులు, మూడు మాత్రలు. అమ్మమ్మకి నోట్లో పుళ్ళు లేచాయి, రక్తపరీక్షల కోసం రెండుసార్లు తిప్పాం. తేరుకుంది. ఇంటికొచ్చి చీటీ చూస్తే వారానికి ఒకసారి అని ఇంగ్లీషులో ఉంది. ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం చదివిన నేను ఒక్కసారైనా అది చదవలేదు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందంటే, మెథోట్రెక్సేట్ కణాలు ఫోలేట్‌ని వాడుకోకుండా అడ్డుపడుతుంది. ఫోలేట్ అందకపోతే కొత్త కణాలు పుట్టవు. వారానికోసారి కొద్ది మోతాదులో వేస్తే కీళ్ళ వాపు తగ్గుతుంది. రోజూ వేస్తే తొందరగా పెరిగే కణాలన్నీ దెబ్బతింటాయి: ముందు నోటి లోపలి పొర, తర్వాత ఎముక మజ్జ. ఈ ఒక్క పొరపాటుతో చాలా దేశాల్లో ప్రాణాలే పోయాయి. పైగా చాలా కంపెనీల మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ చిన్న పసుపు మాత్రలే!

అప్పటిదాకా నా దృష్టిలో మెడికల్ షాపు అంటే కిరాణా కొట్టులాంటిదే. కానీ 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం, చీటీ మీద ఇచ్చే మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ఇంకో అడుగు ముందుకెళ్ళి, చీటీని పరిశీలించడం, మందు ఎలా వాడాలో రోగికి చెప్పడం కూడా ఫార్మసిస్టు పనే అన్నాయి. అంటే మేడం అడిగిన ఆ ప్రశ్న ఆవిడ మంచితనం మాత్రమే కాదు, నిబంధన కూడా. మన భాషలో చెప్పాలంటే కోడ్ రివ్యూ. డాక్టరు రాసింది ఇంకొకరు చూడకుండా ప్రొడక్షన్‌కి వెళ్ళకూడదు. కొన్ని షాపుల్లో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, మనిషి ఉండడు. అప్పుడు రివ్యూ చేసేదెవరు?

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తక్కువేం కాదు. ఎం, ఇ, టి అని మూడక్షరాలు కొట్టండి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్, బీపీకి మెటోప్రొలాల్, ఇన్ఫెక్షన్లకి మెట్రోనిడజోల్, మా మెథోట్రెక్సేట్, అన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి. ఒక్క డౌన్ యారో తేడా. అందుకే పేరులో తేడా ఉన్న భాగాన్ని క్యాపిటల్ అక్షరాల్లో చూపించే పద్ధతి ఒకటుంది. అది చెయ్యడానికి పెద్ద కోడేం అక్కర్లేదు, రెండో సంవత్సరం వాళ్ళం కూడా రాయగలం.

మిగతా ప్రమాణాల్లో కొన్ని మన కంటికే కనిపిస్తాయి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కడితే పనికిరాదు, కాబట్టి ఆ ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు కనిపిస్తే నేనైతే వెనక్కి తిరుగుతాను. కొన్ని యాంటీబయోటిక్స్, టీబీ మందులు, అలవాటుపడే మందులు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. 2014 మార్చి నుంచి వీటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అనేవి విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. చీటీ అడిగారని మనం షాపువాళ్ళ మీద విసుక్కుంటాం చూడండి, అదీ సంగతి. స్ట్రిప్ కత్తిరించి ఇస్తే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క ఎటు పోయిందో చూసుకోండి. ఆ ముక్క షాపులో ఉండిపోతే మన చేతిలో ఉన్నది పేరూ ఊరూ లేని మాత్రే. 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. స్కాన్ చేస్తే తయారీదారు, బ్యాచ్, గడువు వస్తాయి. మనం టీకొట్టు దగ్గర చేసే స్కానింగే కదా!

ఇప్పుడు అమ్మమ్మ మందులకి ఆ మేడం షాపుకే వెళ్తున్నాం, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా. అమ్మమ్మ మాత్ర ఆదివారం. కవరు మీద ఆ మాట తెలుగులో రాసి చుట్టూ సున్నా చుడతారు. నన్ను బాగా గుర్తుపడతారు, అయినా ప్రతి నెలా అదే ప్రశ్న. నేను "ఆదివారం" అనేదాకా కవరు చేతికివ్వరు.