పాత వీడియో గేమ్ సంగీతం మళ్లీ మోగాలంటే

మన ఫోనులో పాట అంటే రికార్డు చేసిన శబ్దం. పాత వీడియో గేముల్లో అలా కాదు. 1985లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ గేమ్ బొమ్మలు, ఆట, సంగీతం అన్నీ కలిపి 40 కిలోబైట్లే. సీడీ నాణ్యతతో రికార్డు చేస్తే పావు సెకను పాటకైనా ఆ చోటు చాలదు!

మరి కోజి కొండో కూర్చిన సంగీతమంతా అందులో ఎలా ఇమిడింది? అందులో ఉన్నది శబ్దం కాదు. ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు మోగాలో చెప్పే ఆదేశాలు. అది స్వరాలు రాసుకున్న నోటుపుస్తకం లాంటిది. వీణ లాంటిది యంత్రంలోని చిప్. వీణ పాడైపోతే పుస్తకం ఉన్నా పాట వినబడదు. అందుకే మా కంప్యూటర్ క్లబ్‌లో ఆ వీణనే వెబ్ బ్రౌజర్‌లో తయారు చేయాలనుకున్నాం.

మేము ఎంచుకున్నది 1983లో జపాన్‌లో ‘ఫ్యామికామ్’ పేరుతో విడుదలైన నింటెండో యంత్రం. దాని చిప్‌కు ఐదు గొంతులు. రెండు చతురస్ర తరంగాలు రాగం పలుకుతాయి. త్రిభుజ తరంగం మంద్ర స్వరాలు ఇస్తుంది. నాలుగోది ‘హుష్’ మనే రొద, డ్రమ్ముల కోసం. ఐదోది రికార్డు చేసిన చిన్న చిన్న ముక్కలను వినిపిస్తుంది.

మా ప్రోగ్రాంలో రెండు భాగాలున్నాయి. మొదటిది పాత ప్రాసెసర్‌ను అనుకరిస్తూ సెకనుకు 60 సార్లు పాట ఆదేశాలను నడుపుతుంది. అవి ఇచ్చే అంకెలను రెండో భాగం శబ్దంగా మారుస్తుంది. ఉదాహరణకు 253 అనే అంకె వచ్చిందనుకోండి. దానికి 1 కలిపి, 16తో గుణించాలి. ఆ లబ్ధంతో యంత్రం గడియార వేగమైన 17,89,773ను భాగిస్తే దాదాపు 440 వస్తుంది. అంటే చతురస్ర తరంగం సెకనుకు 440 సార్లు కంపించాలన్నమాట.

మొదట బొత్తిగా శబ్దమే రాలేదు. వాడేవారు ఏదో ఒకటి నొక్కేదాకా బ్రౌజర్ శబ్దాన్ని ఆపి ఉంచుతుందని తర్వాత తెలిసింది. ‘వాయించు’ బటన్ పెట్టగానే పాట మోగింది. మేము గంతులేశాం. మా సంగీతం టీచర్ మాత్రం విని, “పరుగెత్తుతోంది, శ్రుతి కూడా పైకి పోయింది” అన్నారు. గడియారం పెట్టి చూస్తే నిమిషం పాట 55 సెకన్లకే అయిపోతోంది! మేము సెకనుకు 44,100 విలువలు లెక్కగట్టాం. ల్యాబ్ కంప్యూటరేమో సెకనుకు 48,000 చొప్పున వాయించేస్తోంది. వేగం ఎంతో ముందుగా బ్రౌజర్‌నే అడిగి లెక్క వేశాక శ్రుతి, లయ రెండూ కుదిరాయి.

ప్రస్తుతం మేమే కూర్చుకున్న చిన్న పాట నాలుగు గొంతులతో మోగుతోంది. ఐదో గొంతు ఇంకా మిగిలే ఉంది. పాటను దాచుకుంటే సరిపోదని, దాన్ని పలికించే వాద్యాన్నీ కాపాడుకోవాలని ఈ పనిలో మాకు అర్థమైంది.