చిన్న కుక్కల మూత్రాశయంలో రాళ్లు: గుర్తించడం ఎలా? మళ్లీ రాకుండా చూసుకోవడం ఎలా?

పద్ధతిగా బయటికి వెళ్లి మూత్ర విసర్జన చేసే పెంపుడు కుక్క ఉన్నట్టుండి హాలులోనో, మంచం పక్కనో, తలుపు దగ్గరో కొద్దికొద్దిగా పోయడం మొదలుపెడితే చాలా ఇళ్లలో దానికి ముందుగా దక్కేది మందలింపే. అలవాటు తప్పిందని, మొండికేసిందని యజమానులు భావిస్తారు. కానీ ఇది మూత్రాశయంలో రాళ్లు ఏర్పడ్డాయనడానికి తొలి సూచన కావచ్చు. సకాలంలో గుర్తిస్తే చాలా వరకు నయం చేయగల వ్యాధి ఇది. నిర్లక్ష్యం చేస్తే, ముఖ్యంగా మగ కుక్కల్లో, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

షిట్జు, లాసా ఆప్సో, పొమేరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, మినియేచర్ ష్నాజర్, చివావా వంటి చిన్న జాతుల్లో ఈ సమస్య అధికం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా పెంచుకునేవి కూడా ఈ జాతులే. పెద్ద జాతులతో పోలిస్తే చిన్న కుక్కలు రోజులో తక్కువసార్లు మూత్రం పోస్తాయి. వాటి మూత్రం చిక్కగానూ ఉంటుంది. పైగా మూత్రనాళం సన్నగా ఉండడం వల్ల చిన్న రాయి సైతం అడ్డుపడుతుంది.

రాయి ఎలా ఏర్పడుతుంది?

బోరు నీటిని రోజూ కాచే గిన్నె అడుగున కొంతకాలానికి తెల్లని పొర పేరుకుంటుంది. నీటిలో కరిగి ఉన్న లవణాలు మోతాదు మించినప్పుడు గట్టిపడి అలా బయటపడతాయి. మూత్రాశయంలో జరిగేది దాదాపు ఇలాంటిదే. మూత్రం చిక్కబడి, ఎక్కువసేపు నిల్వ ఉన్నప్పుడు అందులోని ఖనిజాలు సన్నని స్ఫటికాలుగా మారతాయి. అవి ఒకదానికొకటి అతుక్కుని ఇసుక రేణువులుగా, ఆపై రాళ్లుగా ఎదుగుతాయి.

రాళ్లన్నీ ఒకే రకం కావు. కుక్కల్లో కనిపించే రాళ్లలో అత్యధిక భాగం రెండు రకాలకు చెందినవి. మొదటిది స్ట్రూవైట్. ఇందులో మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ ఉంటాయి. కుక్కల్లో ఈ రకం రాళ్లకు సాధారణంగా మూత్రాశయంలోని బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షనే మూలం. కొన్ని రకాల సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మార్చి, మూత్రానికి క్షారగుణం తెస్తాయి. ఆ స్థితిలో స్ట్రూవైట్ వేగంగా గట్టిపడుతుంది. ఆడ కుక్కల మూత్రనాళం పొట్టిగా ఉండి ఇన్‌ఫెక్షన్ సులభంగా లోపలికి చేరుతుంది కనుక ఈ రాళ్లు వాటిలోనే ఎక్కువ.

రెండవది కాల్షియం ఆక్సలేట్. ఇది నడివయసు దాటిన మగ కుక్కల్లో అధికంగా కనిపిస్తుంది. దీనికి ఇన్‌ఫెక్షన్‌తో నేరుగా సంబంధం లేదు. జాతి లక్షణాలు, మూత్రంలో కాల్షియం పెరగడం, నీరు తక్కువగా తాగడం వంటి కారణాలు కలిసి దీనికి దారితీస్తాయి.

యూరేట్, సిస్టీన్ రాళ్లు అరుదైనవి. డాల్మేషియన్ జాతిలో జన్యులోపం వల్ల యూరేట్ రాళ్లు ఏర్పడతాయి. చిన్న జాతుల్లో ఇవి కనిపిస్తే కాలేయానికి చేరవలసిన రక్తం పక్కదారి పట్టే పుట్టుకతో వచ్చిన లోపం ఉందేమోనని వైద్యులు పరీక్షిస్తారు. సిస్టీన్ రాళ్లకు మూత్రపిండాల్లోని వంశపారంపర్య లోపం కారణం.

ఏ లక్షణాలు గమనించాలి?

మాటిమాటికీ మూత్రానికి కూర్చోవడం, ప్రతిసారీ కొన్ని చుక్కలు మాత్రమే రావడం, ఎక్కువసేపు ముక్కడం, మూత్రం ఎరుపు లేదా గులాబీ రంగులో కనిపించడం, దుర్వాసన, జననాంగాన్ని అదేపనిగా నాకడం ప్రధాన లక్షణాలు. కొన్ని కుక్కలు మూత్రం పోసేటప్పుడు మూలుగుతాయి. మరికొన్నింటిలో ఏ లక్షణమూ కనిపించదు. వేరే కారణంతో ఎక్స్-రే తీసినప్పుడే రాళ్లు బయటపడతాయి.

మగ కుక్క ముక్కుతూ కూర్చున్నా ఏమీ రాకపోతే మలబద్ధకమని పొరబడేవారున్నారు. ఈ పొరపాటు ఖరీదైనది.

మగ కుక్కల్లో ఎందుకంత ప్రమాదం?

మగ కుక్కల పురుషాంగంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. మూత్రనాళం దాని అడుగున ఉన్న గాడి గుండా సాగుతుంది. నాళం మిగిలిన చోట్ల కొంత సాగగలదు. ఎముక ఉన్న చోట ఆ అవకాశం లేదు. మూత్రాశయం నుంచి జారిన రాయి తరచుగా ఆ ఎముక వెనుకే చిక్కుకుంటుంది.

దారి పూర్తిగా మూసుకుపోతే మూత్రాశయం ఉబ్బుతుంది. బయటికి పోవలసిన వ్యర్థాలు రక్తంలో పేరుకుంటాయి. పొటాషియం పెరిగి గుండె లయ దెబ్బతింటుంది. వాంతులు, నీరసం, ఆహారం ముట్టకపోవడం, పొట్ట గట్టిపడడం అప్పటి లక్షణాలు. మూత్రాశయం చిట్లే ప్రమాదమూ ఉంది.

ఈ స్థితిలో ఉదయం వరకు వేచిచూడడం సరికాదు. మూత్రం వస్తుందన్న ఆశతో పొట్ట నొక్కకూడదు. బలవంతంగా నీళ్లు తాగించకూడదు. వెంటనే పశువైద్యశాలకు తరలించాలి. అక్కడ వైద్యులు ముందుగా సెలైన్ ఎక్కించి, రక్తంలోని పొటాషియాన్ని అదుపులోకి తెచ్చి, మత్తు ఇచ్చి, కాథెటర్ అనే సన్నని గొట్టం ద్వారా ద్రవాన్ని పంపి రాయిని తిరిగి మూత్రాశయంలోకి నెట్టే ప్రయత్నం చేస్తారు.

నిర్ధారణ ఎలా?

మూత్ర పరీక్షలో గాఢత, ఆమ్ల క్షార స్థాయి, రక్తం, చీము కణాలు, స్ఫటికాలు తెలుస్తాయి. నమూనా తాజాగా ఉండాలి. గంటల తరబడి నిల్వ ఉంచినా, ఫ్రిజ్‌లో పెట్టినా అంతకుముందు లేని స్ఫటికాలు ఏర్పడి తప్పుడు సూచన ఇవ్వవచ్చు. స్ఫటికాలు కనిపించినంత మాత్రాన రాళ్లున్నట్టు కాదు. స్ఫటికాలు లేనంత మాత్రాన రాళ్లు లేనట్టూ కాదు.

స్ట్రూవైట్, ఆక్సలేట్ రాళ్లు ఎక్స్-రేలో తెల్లగా కనిపిస్తాయి. యూరేట్ రాళ్లు మామూలు ఎక్స్-రేలో తరచుగా కనిపించవు. వాటికి అల్ట్రాసౌండ్ అవసరం. మగ కుక్కల్లో మూత్రాశయాన్ని మాత్రమే కాక మూత్రనాళం మొత్తాన్నీ ఎక్స్-రే తీయాలి. ఇన్‌ఫెక్షన్ ఉంటే ఏ సూక్ష్మజీవి, దానిపై ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందన్నది కల్చర్ పరీక్ష తేలుస్తుంది.

కరిగించాలా, తీయించాలా?

చికిత్స రాయి రకంపై ఆధారపడి ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ వల్ల ఏర్పడిన స్ట్రూవైట్ రాళ్లను చాలా సందర్భాల్లో శస్త్రచికిత్స లేకుండానే కరిగించవచ్చు. ఇందుకు ప్రత్యేకంగా తయారైన వైద్య ఆహారం, సరైన యాంటీబయాటిక్ రెండూ అవసరం. రాయి కరిగే కొద్దీ దాని పొరల్లో దాగిన బ్యాక్టీరియా బయటపడుతుంది కనుక మందును మధ్యలో ఆపకూడదు. ఈ ప్రక్రియకు కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల వరకు పట్టవచ్చు. నెలకోసారి ఎక్స్-రే తీసి పరిమాణం తగ్గుతోందో లేదో చూస్తారు.

ఇంట్లో ఎక్కువగా విఫలమయ్యేది ఈ దశలోనే. వైద్య ఆహారంతో పాటు పెరుగన్నం, బిస్కెట్టు, చికెన్ ముక్క పెడుతుంటే ఆహారం ప్రభావం తగ్గిపోతుంది. ఇంట్లో ఒకరు కట్టుదిట్టంగా ఉండి మరొకరు చాటుగా పెడితే ఫలితం ఉండదు. ఈ ఆహారం అన్ని కుక్కలకూ పనికిరాదు. కూనలకు, చూడి కుక్కలకు, గుండె జబ్బు లేదా క్లోమగ్రంథి వాపు ఉన్నవాటికి వైద్యుల అనుమతి లేకుండా పెట్టకూడదు. మగ కుక్కల్లో కరిగి చిన్నవైన రాళ్లు నాళంలోకి జారి అడ్డుపడే అవకాశం ఉంది గనుక నిఘా తప్పనిసరి.

కాల్షియం ఆక్సలేట్ రాళ్లను ఏ ఆహారమూ, ఏ మందూ కరిగించలేవు. అవి ఇబ్బంది కలిగిస్తుంటే తీయవలసిందే. పొట్ట కోసి మూత్రాశయాన్ని తెరిచి రాళ్లను తొలగించే శస్త్రచికిత్స ఎక్కువగా వాడుకలో ఉంది. రాళ్లు బాగా చిన్నవైతే, ముఖ్యంగా ఆడ కుక్కల్లో, మత్తు ఇచ్చి మూత్రాశయాన్ని ద్రవంతో నింపి, కుక్కను నిలువుగా పట్టి బయటికి వెళ్లగొట్టే పద్ధతి ఉంది. లేజర్‌తో రాళ్లను పగలగొట్టే సదుపాయం కొద్ది కేంద్రాల్లోనే లభిస్తుంది.

శస్త్రచికిత్స ముగిసిన వెంటనే మరోసారి ఎక్స్-రే తీసి రాళ్లేవీ మిగలలేదని నిర్ధారించుకోవడం అవసరం. తరువాత కొద్ది రోజుల పాటు మూత్రం ఎర్రగా రావడం, మాటిమాటికీ పోయడం సహజం. 10 నుంచి 14 రోజుల వరకు పరుగులు, గెంతులు లేకుండా చూడాలి. కుట్లు నాకకుండా మెడకు గరాటు ఆకారపు కాలర్ తొడగాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, పొట్ట ఉబ్బినా వెంటనే వైద్యులకు చెప్పాలి.

తీసిన రాళ్లను పారవేయరాదు. అవి ఏ ఖనిజంతో ఏర్పడ్డాయో ప్రయోగశాలలో పరీక్షిస్తేనే ముందుముందు ఏ ఆహారం పెట్టాలో తెలుస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1981లో ప్రారంభమైన కేంద్రం వివిధ దేశాల నుంచి వచ్చే ఇలాంటి రాళ్లను విశ్లేషిస్తోంది. స్ట్రూవైట్‌కు అనుకూలించే క్షార మూత్రం, ఆక్సలేట్‌కు అనుకూలించే ఆమ్ల మూత్రం పరస్పర విరుద్ధాలు. రకం తెలియకుండా ఆహారం మారిస్తే ఒక రాయిని ఆపబోయి మరొక రాయిని తెచ్చుకున్నట్టవుతుంది.

నీరే ప్రధాన ఔషధం

రాళ్లు తీసినంత మాత్రాన వ్యాధి ముగిసిపోదు. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు తీయించుకున్న కుక్కల్లో దాదాపు సగానికి మూడేళ్లలోపు మళ్లీ వచ్చే అవకాశం ఉంది. రకం ఏదైనా మూత్రాన్ని పల్చగా ఉంచడమే నివారణకు పునాది. మూత్రం గాఢతను సూచించే అంకె 1.020 లేదా అంతకంటే తక్కువగా ఉండేలా చూడాలని పశువైద్యులు సూచిస్తారు.

కుక్కకు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీరు అవసరం. అంటే 5 కిలోల కుక్కకు 250 నుంచి 300 మిల్లీలీటర్లు. ఆహారంలోని తేమ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పొడి గుళికల ఆహారంలో తేమ చాలా తక్కువ. అందులో గోరువెచ్చని నీళ్లు కలిపి నానబెట్టి పెట్టవచ్చు. ఇంట్లో రెండు మూడు చోట్ల నీటి గిన్నెలు ఉంచి, రోజూ కడిగి, నీరు మార్చాలి. వేసవిలో గిన్నెలను నీడలో పెట్టాలి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లను కొద్దిగా కలిపితే ఇష్టంగా తాగుతాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషతుల్యం.

నీరు తాగించడం ఎంత ముఖ్యమో, బయటికి పోనివ్వడమూ అంతే ముఖ్యం. ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో కుక్క ఉదయం నుంచి సాయంత్రం వరకు మూత్రం బిగపట్టి ఉండవలసి వస్తోంది. రోజుకు కనీసం నాలుగుసార్లు బయటికి తీసుకువెళ్లే ఏర్పాటు ఉండాలి. అది కుదరని చోట బాల్కనీలోనో, స్నానాల గదిలోనో ఒక చోటు అలవాటు చేయవచ్చు.

ఇంటి వైద్యం మాటేమిటి?

మనుషుల కిడ్నీ రాళ్లకు కొండపిండి ఆకు, ఉలవల నీళ్లు, అరటిదవ్వ రసం, బార్లీ నీళ్లు వాడడం తెలుగు నాట అలవాటు. ఇవి కుక్కల మూత్రాశయంలోని రాళ్లను కరిగిస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. వీటితో వారాలు గడిపితే పోయేది చికిత్సకు అనువైన సమయం. ఉప్పు, కారం, పోపుతో కాచిన ఉలవచారు అసలే పెట్టరాదు.

ఆక్సలేట్ రాళ్లున్న కుక్కలకు పాలకూర, సి విటమిన్ మాత్రలు ఇవ్వకపోవడం మంచిది. కాల్షియం రాళ్లు కదా అని ఆహారంలో కాల్షియాన్ని పూర్తిగా తగ్గించడమూ పొరపాటే. అలా చేస్తే పేగుల నుంచి ఆక్సలేట్ మరింతగా రక్తంలోకి చేరుతుంది. నొప్పి తగ్గించాలని మనుషులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు ఇస్తే జీర్ణాశయంలో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

తరువాతి పర్యవేక్షణ

ఒకసారి రాళ్లు వచ్చిన కుక్కకు మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి మూత్ర పరీక్ష, ఎక్స్-రే లేదా అల్ట్రాసౌండ్ చేయించడం మేలు. రాళ్లు మళ్లీ వచ్చినా రేణువుల దశలోనే గుర్తిస్తే రెండో శస్త్రచికిత్స తప్పించవచ్చు. ప్రైవేటు వైద్యం ఖర్చు భరించలేనివారు హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులను సంప్రదించవచ్చు. పశువైద్య సేవలకు 1962 నంబరు ఉన్నా, అది ప్రధానంగా పాడి పశువుల పెంపకందారుల కోసం ఏర్పాటైనది. అందువల్ల రాత్రివేళ తెరిచి ఉండే సమీప పశువైద్యశాల ఏదో ముందుగానే తెలుసుకుని, ఆ నంబరును ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచుకోవాలి. కుక్కను బయటికి తిప్పేవారు ఎవరైనా సరే, మూత్రం ధారగా వచ్చిందా, చుక్కలుగా వచ్చిందా, రంగు ఎలా ఉందన్నది రోజూ గమనించి, తేడా కనిపించిన రోజే వైద్యులకు తెలియజేయాలి.