ముందు సరుకు, తర్వాత డబ్బు

"అన్నా, కొరియర్. ఎక్కడుంటారు?"

"గాంధీ బొమ్మ తెలుసా?"

"తెలుసన్నా."

"దాని పక్క సందులోకి వస్తే ఇస్త్రీ బండి ఉంటుంది. అక్కడ ఆగి ఫోన్ చెయ్యి."

"లొకేషన్ పెట్టరాదన్నా."

ఏ ఊళ్లోనైనా రోజూ జరిగే సంభాషణే ఇది. దేశంలో ఆన్‌లైన్ వ్యాపారం ఇన్ని వేల కోట్లకు చేరింది, అన్ని లక్షల కోట్లకు చేరబోతోంది అని పత్రికలు రాసే ప్రతి అంకె కిందా ఇలాంటి ఫోన్ కాల్ ఒకటి ఉంటుంది. అసలు వ్యాపారం జరిగేది కంప్యూటర్లో కాదు, ఇస్త్రీ బండి దగ్గర. ఆ బండి అతను అప్పుడప్పుడూ పార్సిల్ అందుకుని దాచి ఉంచుతాడు కూడా. జీతమేమీ లేదు.

ఇంటర్నెట్ వచ్చింది కాబట్టి ఆన్‌లైన్ కొనుగోళ్లు పెరిగాయని మామూలుగా అనుకుంటాం. సగమే నిజం. ఇంటర్నెట్ వచ్చాక కూడా పదేళ్లపాటు మనవాళ్లు దాని మీద పెద్దగా ఏమీ కొనలేదు. 1999లో బెంగళూరులో ఫ్యాబ్‌మార్ట్ అనే ఆన్‌లైన్ దుకాణం తెరిచారు. పాటల కేసెట్లతో మొదలుపెట్టి పుస్తకాలు, కిరాణా దాకా వెళ్లారు. కొనేవాళ్లు చాలినంత మంది దొరకలేదు. చివరికి ఆ యజమానులే వీధిలోకి దిగి మామూలు సూపర్ మార్కెట్లు పెట్టుకున్నారు. అవి మన హైదరాబాద్ త్రినేత్రతో కలిశాయి, ఆ కలిసిన గొలుసును ఆదిత్య బిర్లా గ్రూపు కొంది, బోర్డుల మీద మోర్ అనే పేరొచ్చింది. ఆన్‌లైన్‌లో మొదలై వీధి దుకాణంగా స్థిరపడడం అప్పట్లో పురోగతి. ఆ బృందంలోనే కొందరు పట్టు వదలకుండా 2011లో బిగ్‌బాస్కెట్ పెట్టారు. అది నిలబడింది.

మధ్యలో ఏం మారింది? 2002 నుంచి రైలు టికెట్లు ఆన్‌లైన్‌లో వచ్చాయి, జనం కొన్నారు. రైల్వే ఎక్కడికీ పారిపోదు కదా. టికెట్ చేతికొస్తే బెర్తు ఉన్నట్టే. కానీ పేరు తెలియని ఊళ్లోని పేరు తెలియని మనిషికి ముందుగా డబ్బు కట్టి, చీర కోసం ఎదురుచూడాలంటే గుండె ధైర్యం కావాలి. చీర కొనే మనిషి అంచు తిప్పి చూస్తుంది, వేళ్ల మధ్య నలిపి చూస్తుంది, వెలుతురులోకి తీసుకెళ్లి రంగు చూస్తుంది, ఆ తర్వాతే ధర అడుగుతుంది, సగానికి బేరం మొదలుపెడుతుంది. ఇంత తతంగాన్నీ ఒక ఫొటోకు, ఒక బటన్‌కు కుదించమంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాలతోనే మొదలుపెట్టడానికి కారణం ఇదే. పుస్తకాన్ని నలిపి చూడక్కర్లేదు. ఏ కాపీ కొన్నా అదే పుస్తకం. దానికి వచ్చిన మొదటి ఆర్డరు బెంగళూరు నుంచో బొంబాయి నుంచో కాదు, మహబూబ్‌నగర్ నుంచి. జాన్ వుడ్ అనే ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగం వదిలేసిన కథ రాసిన పుస్తకం అడిగారు. సంస్థ దగ్గర ఆ పుస్తకం లేదు. యజమానులిద్దరూ బెంగళూరు పుస్తకాల షాపులన్నీ తిరిగి, ఒక కాపీ పట్టుకుని పంపారు. జిల్లా కేంద్రంలో దొరకని వస్తువు మీదే ఈ వ్యాపారం బతకాలని మొదటి ఆర్డరే చెప్పేసింది. ఆ సంగతి అర్థమవడానికి పెద్ద కంపెనీలకు ఇంకో పదేళ్లు పట్టింది.

అసలు మలుపు 2010లో వచ్చింది. ఆ ఏడాది ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టింది. సరుకు గుమ్మంలోకి వచ్చాకే డబ్బు. దీన్ని కొత్త ఆలోచనగా మెచ్చుకుంటారు గానీ, మన తాతలకు ఇది తెలిసిన సంగతే. 1877లోనే మన తపాలా శాఖలో వి.పి.పి. (వాల్యూ పేయబుల్ పోస్ట్) అనేది వచ్చింది. పోస్ట్‌మ్యాన్ పార్సిల్ తెచ్చేవాడు, డబ్బు తీసుకునేవాడు, సరుకు ఇచ్చేవాడు, ఆ డబ్బు పంపినవాడికి మనియార్డరుగా చేరేది. పాత తెలుగు పత్రికల్లో మందుల ప్రకటనలు, పుస్తకాల ప్రకటనలు తిరగేస్తే అడుగున "వి.పి.పి. ద్వారా పంపగలము" అన్న మాట కనిపిస్తూనే ఉంటుంది. తెప్పించుకున్న వాడు ఇంట్లో లేకపోయినా, మనసు మార్చుకున్నా పార్సిల్ వెనక్కి పోయేది. రానుపోను ఖర్చు పంపినవాడి నెత్తిన పడేది. ఆ తలనొప్పి కూడా కొత్తది కాదు.

ఇక్కడో చిన్న చిక్కుముడి ఉంది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఇప్పుడు కొత్తిమీర కట్టకు కూడా స్కానరే. లెక్క ప్రకారం క్యాష్ ఆన్ డెలివరీ ఈపాటికి అంతరించిపోవాలి. కానీ చిన్న ఊళ్లలో, ముఖ్యంగా బట్టల విషయంలో, అది చెక్కుచెదరలేదు. గుమ్మంలో డెలివరీ బాయ్ ఫోన్ చూపిస్తాడు, మనం స్కాన్ చేస్తాం. చేతిలో నోటు లేదు, అయినా డబ్బు ఇచ్చేది సరుకు వచ్చాకే. అంటే జనానికి కావలసింది క్యాష్ కాదు, "ఆన్ డెలివరీ" అన్న రెండో సగం. మొదటి నుంచీ అదే. ఇబ్బంది నోట్లతో కాదు, నమ్మకంతో.

మరి ఆ నమ్మకం ఖర్చు ఎవరిది?

అమ్మేవాళ్ల దగ్గర ఒక మాట వినిపిస్తుంది: ఆర్‌టీఓ. మనకు ఆ అక్షరాలు వింటే లైసెన్సు ఆఫీసు, ఏజెంట్లు గుర్తొస్తారు. వాళ్లకది బయల్దేరిన చోటికే తిరిగొచ్చిన పార్సిల్. ఫోన్ ఎత్తలేదు, తలుపు తాళం వేసుంది, "ఆర్డరు పెట్టింది మా అబ్బాయి, వాడు లేడు" అన్నారు, లేదా ఊరికే వద్దన్నారు. ఇది ఒక రకం. తీసుకుని, చూసి, నచ్చక తిప్పి పంపడం ఇంకో రకం. బట్టల్లో ఈ రెండూ ఎక్కువ. ముందుగా డబ్బు కట్టిన ఆర్డర్ల కంటే గుమ్మంలో కట్టేవాటిలో మొదటి రకం మరీ ఎక్కువ.

లెక్క చూడ్డానికి ఒక సూరత్ వ్యాపారిని ఊహించుకుందాం. అంకెలు నావే, ఎవరి పద్దులోంచీ తీసినవి కావు. చీర వెల 400 రూపాయలు. అతనికి పడ్డ ధర 250, ప్యాకింగు 10, రవాణా 70. చీరకు 70 రూపాయలు మిగులుతాయి. నూరు చీరలు పంపాడు. 75 నిలిచాయి, 5,250 లాభం. 25 వెనక్కొచ్చాయి. ఒక్కోదాని మీద వెళ్లిన ఖర్చు, వచ్చిన ఖర్చు, ప్యాకింగు కలిపి 150 పోయాయి. అంటే 3,750. చేతిలో మిగిలింది 1,500. వెనక్కొచ్చిన వాటిలో పది చీరల మడత చెడిందో, పసుపు మరకంటిందో, పెళ్లికి కట్టుకుని తెల్లారి పంపేశారో అనుకోండి. ఆ పదింటి ధర 2,500. నూరు చీరలు పంపిన మనిషి వెయ్యి రూపాయల నష్టంతో సాయంత్రం టీ తాగుతాడు. ఈ లెక్కలో వేదిక తీసుకునే కమీషను గానీ, జాబితాలో పైన కనిపించడానికి కట్టే ప్రకటన ఖర్చు గానీ కలపలేదు. తిరుగు రవాణా ఎవరు భరించాలన్నది ఒప్పందాన్ని బట్టి మారుతుంది. ఎవరు భరించినా చివరికి అది వచ్చే చీర ధరలోనే కూర్చుంటుంది. అంటే ఎప్పుడూ ఏదీ తిప్పి పంపని మర్యాదస్తులే తిప్పి పంపేవాళ్ల ఖర్చు భరిస్తున్నారు. ఆ మర్యాదస్తుల్లో నేనూ ఒకణ్ణి. మంచితనం వల్ల కాదు, బద్ధకం వల్ల. కుక్కరుకు ఐదు లీటర్ల గ్యాస్కెట్ అడిగితే మూడు లీటర్లది వచ్చింది, తిప్పి పంపడానికి పదిరోజుల గడువు. పదకొండో రోజున డబ్బా తెరిచాను.

ఈ ఖర్చును చిన్న చిన్న తుంపులుగా మన మీద కూడా వేస్తారు. డెలివరీ చార్జీ లేదంటారు, చివర్లో హ్యాండ్లింగ్ అని ఒకటి, ప్లాట్‌ఫామ్ అని ఒకటి, గుమ్మంలో కడితే ఇంకొకటి. బుట్టలో మనం వెయ్యని వస్తువు తనంతట తానే చేరడం, ఇంకా రెండే మిగిలాయని తొందరపెట్టడం లాంటి పదమూడు రకాల మాయలను డార్క్ ప్యాటర్న్స్ పేరుతో 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చి నిషేధించింది. తిరనాళ్లలో గాజుల అంగడి ముందు నిలబడ్డవాళ్లకు వీటిలో చాలా వరకు పేరు లేకుండానే తెలుసు.

నమ్మకాన్ని వేరే దారిలో సంపాదించిన వాళ్లూ ఉన్నారు. 2015లో మొదలైన మీషో చీరను నేరుగా మనకు చూపించలేదు, మన వదినకు చూపించింది. ఆవిడ ఆ ఫొటోను వాట్సాప్‌లో పెట్టి, మీద కొంచెం వేసుకుని అమ్మింది. సరుకు బాగాలేకపోతే అడగడానికి మనిషి ఉంది, పండక్కి కనిపిస్తుంది కూడా. అప్పటిదాకా కోట్ల రూపాయల ప్రకటనలు తేలేని నమ్మకాన్ని ఆ వదిన తెచ్చింది. జనం అలవాటు పడ్డాక మధ్యలో వదిన అవసరం తగ్గిపోయింది. నేరుగా ఆర్డరు పెట్టేస్తున్నారు. వదినకు ఎవరూ వీడ్కోలు సభ పెట్టలేదు.

ఇక చట్టం సంగతి. ఏదైనా వస్తువు పేజీలో కాస్త కిందికి జరిపి అమ్మేవారి పేరు చూడండి. ఎన్నడూ వినని ప్రైవేట్ లిమిటెడ్ ఒకటి ఉంటుంది. కారణం ఏమిటంటే, విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీ రకరకాల బ్రాండ్ల సరుకు తానే కొని నిల్వ ఉంచుకుని నేరుగా వినియోగదారుకు ఆన్‌లైన్‌లో అమ్మడానికి మన నిబంధనలు ఒప్పవు. అది సంత నడపవచ్చు, సంతలో అంగడి పెట్టకూడదు. 2016 మార్చిలో ఈ మాట రాతపూర్వకంగా చెప్పారు. అప్పటికే సంత యజమాని బంధువుల అంగళ్లు వెలిశాయి. అమెజాన్‌కు వాటా ఉన్న క్లౌడ్‌టెయిల్ దేశంలోని అతిపెద్ద అమ్మకందారుల్లో ఒకటైంది. 2018 డిసెంబరులో ప్రభుత్వం ఇంకో నోటు ఇచ్చి, వాటా ఉన్న సంస్థ ఆ వేదిక మీద అమ్మకూడదంది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. వాటాలు మళ్లీ సర్దుకున్నారు. క్లౌడ్‌టెయిల్ 2022లో దుకాణం కట్టేసింది. కిరాణా వ్యాపారిని కాపాడటానికి పుట్టిన ఈ నిబంధనల వల్ల ఖాయంగా లాభపడింది చార్టర్డ్ అకౌంటెంట్లు.

అయితే ఆ కిరాణా వ్యాపారి అనుకున్నంతగా దెబ్బతినలేదు. ఇంత హడావిడి జరిగినా, మన దేశంలో మొత్తం చిల్లర వ్యాపారంలో ఆన్‌లైన్ వాటా ఇంకా పదో వంతుకు చేరలేదు. చైనాలో అది నాలుగో వంతు దాటింది. ఫోన్లు, టీవీల దుకాణాల వాళ్లకు గట్టి దెబ్బే తగిలింది. పప్పూ ఉప్పూ అమ్మేవాడి దాకా సెగ 2020 తర్వాత గానీ రాలేదు.

ఆ సెగ పేరు పది నిమిషాల డెలివరీ. గ్రోఫర్స్ 2021 చివర్లో బ్లింకిట్ అని పేరు మార్చుకుంది, అదే ఏడాది జెప్టో వచ్చింది, స్విగ్గీ ఇన్‌స్టామార్ట్ అంతకు ఏడాది ముందే ఉంది. వీటి కిటుకు వేగం కాదు, దగ్గరితనం. రెండు మూడు కిలోమీటర్లకొక గోదాము పెడతారు. డార్క్ స్టోర్ అంటారు గానీ లోపల ట్యూబ్‌లైట్లు బాగానే వెలుగుతుంటాయి. చీకటల్లా కొనేవాళ్లకు ప్రవేశం లేకపోవడమే. ఇక్కడ నమ్మకం సమస్యే లేదు చూడండి. పాల ప్యాకెట్ పాల ప్యాకెట్టే, ఏ కంపెనీ బిస్కెట్ ఆ కంపెనీదే. తిప్పి పంపే గొడవ దాదాపు లేదు. అందుకే ఆర్డర్లు అంత త్వరగా పెరిగాయి. కానీ గోదాము అద్దె, బండి అబ్బాయి కూలీ గిట్టాలంటే ఆ రెండు మూడు కిలోమీటర్లలో గంటకు చాలినన్ని ఆర్డర్లు రావాలి. అపార్ట్‌మెంట్ మీద అపార్ట్‌మెంట్ ఉన్న హైదరాబాద్ కొండాపూర్‌లో నడిచిన లెక్క చిన్న ఊరైన కొల్లాపూర్‌లో నడవదు. అక్కడ కిరాణా అతనే పిల్లాడి చేత సైకిల్ మీద పంపిస్తాడు, డబ్బు ఖాతాలో రాసుకుని ఒకటో తారీకున తీసుకుంటాడు. ముందు సరుకు, తర్వాత డబ్బు. 

చిరునామా విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే డబ్బు కారిపోయే చోట్లలో అదొకటి. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెలు మనల్ని పోస్టాఫీసు దాకా తీసుకెళ్తాయి. అక్కణ్ణుంచి ఇంటిదాకా పోస్ట్‌మ్యాన్ బుర్రలో పటం ఉండేది. పాతికేళ్లు ఒకే బీటు తిరిగినవాడికి ఎవరి కోడలు పుట్టింటికెళ్లిందో కూడా తెలుసు. డెలివరీ అబ్బాయి మూడు నెలల్లో కంపెనీ మారతాడు, బుర్రలో పటం తయారయ్యేలోపు మనిషే మాయం. హైదరాబాద్ ఇంటి నంబర్లు చూస్తే అతని మీద జాలి వేస్తుంది. గీత పక్కన గీత, బై మీద బై, చివర్లో ఏ, బీ. పక్కింటి నంబరుకూ మనదానికీ చుట్టరికం ఉండాలన్న నియమం లేదు. అందుకే చిరునామా పెట్టెలో జనం ఉత్తరాలు రాస్తున్నారు: "నీళ్ల ట్యాంకు దాటాక ఎడమ వైపు, నీలం గేటు, కుక్క ఉంది కానీ కరవదు."

అమెజాన్ 2015లోనే ఐ హ్యావ్ స్పేస్ అని ఒక పథకం పెట్టి, చుట్టుపక్కల పార్సిళ్లు పంచే పని కిరాణా కొట్లకు ఇచ్చింది. తమను మింగడానికి వచ్చిందనుకున్న వ్యాపారమే మధ్యాహ్నం ఖాళీగా ఉండే వేళలో పార్సిలుకు ఇంత అని కూలీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇతరులూ అదే దారి పట్టారు.

మా సందు చివరి కొట్లో మాత్రం ఏ పథకమూ లేదు. ఇంట్లో లేనివాళ్ల పార్సిళ్లు కందిపప్పు బస్తా మీద వరసగా పేర్చి ఉంటాయి. మొన్న సాయంత్రం వెళ్తే ఏడున్నాయి.

"మీదొకటి వచ్చింది సార్, తీసుకెళ్లండి. ఆ కింద రెండు ఉన్నాయి చూశారా, మూడో ఇంటి ఆవిడవి. వద్దందట. రేపు ఆ అబ్బాయి వచ్చి పట్టుకుపోతాడు."

"ఎందుకు వద్దంది?"

"మొన్న వచ్చిన చీర రంగు ఫొటోలో ఒకలా, చేతిలో ఒకలా ఉందట. ఇప్పుడు అసలు విప్పి కూడా చూడలేదు." బీడీ పక్కన పెట్టి నాకు అరకిలో చక్కెర తూచాడు. "రాసుకోనా, స్కాన్ చేస్తారా?"

"రాసుకో" అన్నాను.