కె.సి. కాలువ లెక్క

రోడ్లకూ మెట్రోలకూ ప్రైవేటు కంపెనీలు రావాలంటే ప్రభుత్వం లోటు పూడ్చాలంటున్నారు. సుంకేసుల ఆనకట్ట ఎరిగినవారికి ఇది పాతకథే.

ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి సర్కారు తన ఖర్చుతోనే కట్టింది. కర్నూలు–కడప కాలువను మాత్రం మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేతిలో పెట్టి, పది లక్షల పౌన్ల పెట్టుబడిపై నూటికి ఐదు వడ్డీకి పూచీపడింది. కాలువలో నీరు పారినా పారకున్నా వాటాదారులకు ఏటా యాభైవేల పౌన్లు ఖాయమన్నమాట! ఆ పూచీకి ఆధారం ఇక్కడి ఖజానా, అంటే రైతు కట్టే శిస్తు. (ఈ పథకాన్ని బలపరిచినవాడు కాటన్ దొరే. మా పాఠాల్లో కాటన్ ఉన్నాడు, వడ్డీ లేదు.) నష్టభయం లేని పెట్టుబడికి పొదుపెందుకు? ఖర్చు అంచనాలు దాటింది. నీరు తీసుకున్న రైతులు కొద్దిమందే. చివరికి 1882లో ఆ కాలువను సర్కారే కొనుక్కుంది.