ఊరిబడిని చూచు విధము

పెద్దలారా,

జూన్ మాసమున బడులు తెరచుటకు ముందు ప్రతి గ్రామమునందును ఒక ప్రశ్న వినవచ్చును. బిడ్డకు ఐదారేండ్లు వచ్చినవి. ఊరిబడిలో చేర్పింతుమా, బస్సెక్కించి పట్టణమునకు పంపుదుమా? క్రొత్తగా కాపురము వచ్చినవారును, వలసపోయి తిరిగి వచ్చినవారును ఈ ప్రశ్నను మొదట మిమ్ములనే యడుగుదురు. రచ్చబండ మీద మీరు చెప్పు నొక్క మాట ఆ బిడ్డ ఐదేండ్ల చదువును నిర్ణయింపవచ్చును. "సర్కారు బడి గదా, ఏముండును?" అని మీరనినచో వారు మరి యా వైపు చూడరు. "మన బడికేమి, బంగారము" అనినను నమ్ముదురు. చూడక చెప్పినచో రెండు మాటలును బిడ్డకు కీడే చేయును. కాబట్టి బడిని ఏ విధముగ చూచి మాట చెప్పవలెనో నేడు మీకు విన్నవింపదలచితిని.

మొదట కంటికి కనబడునవి గోడలు. ఆంధ్రప్రదేశమున 2019లో ప్రారంభమైన 'మన బడి నాడు-నేడు' వలనను, తెలంగాణమున 2022లో ప్రారంభమైన 'మన ఊరు-మన బడి' వలనను అనేక పాఠశాలలకు రంగులు, బల్లలు, నీటి వసతులు సమకూడినవి. ఇవి కావలసినవే. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఉపాధ్యాయునికొక గది చొప్పున గదులను, త్రాగునీటిని, బాలురకు బాలికలకు వేరువేరు మరుగుదొడ్లను, వంటశాలను, ఆటస్థలమును, ప్రహరీగోడను, గ్రంథాలయమును విధించినది. అయితే వస్తువు ఉండుట వేరు, వాడుకలో నుండుట వేరు. మరుగుదొడ్డికి తాళమున్నదా, లోపల నీరు వచ్చుచున్నదా అని చూడుడు. గ్రంథాలయపు పుస్తకములు బీరువాలో క్రొత్తగా మెరయుచున్నచో సంతోషింపకుడు. అంచులు నలిగియున్నచో సంతోషింపుడు. బిడ్డల చేతులు తగిలిన పుస్తకమే నలుగును.

బడిని చూడబోవు దినము జెండా పండుగ కారాదు. ఆ నాడు అన్ని బడులును మంచివే. ఏ విశేషమును లేని మంగళవారము పోవుడు. వాన కురిసిన మరునాడైన మరియు మేలు. ప్రధానోపాధ్యాయుని అనుమతి గైకొని, వెనుక వరుసలో ఒక గంట మౌనముగ కూర్చుండుడు. తనిఖీ చేయవచ్చిన అధికారివలె గాక, మనుమని బడికి వచ్చిన తాతవలె కూర్చుండవలెను.

పిమ్మట ఉపాధ్యాయుల లెక్క. చట్టము ప్రకారము 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 మొదలు 90 వరకు ముగ్గురు, 91 మొదలు 120 వరకు నలుగురు, 121 మొదలు 200 వరకు ఐదుగురు ఉండవలెను. మన చిన్న గ్రామములలో తరచుగ కానవచ్చునది ఇద్దరు ఉపాధ్యాయులు, ఐదు తరగతులు. ఇద్దరును రెండు తరగతులకు పాఠము చెప్పుచుండగా తక్కిన మూడు తరగతుల పిల్లలు తమంతట తాము పని చేసికొనవలసియుందురు. ఆ మూడు తరగతులవారు ఏమి చేయుచున్నారో చూడుడు. ఒకరు వ్రాయుచు, పెద్ద పిల్ల యొకతె చిన్నవారిచే చదివించుచు, మరికొందరు లెక్క చేయుచు నుండిరా, ఆ గురువు ముందుగా ఆలోచించి వచ్చినాడని యర్థము. ఊరక గోల చేయుచునో, చేతులు కట్టుకొని నిద్రమొగములతోనో యుండిరా, ఉపాధ్యాయులు నలుగురున్నను ఫలము తక్కువ.

హాజరుపట్టికను చూపుమని మర్యాదగ అడుగవచ్చును. మొదటి ఐదు తరగతులకు సంవత్సరమునకు 200 పనిదినములు, 800 గంటల బోధన జరుగవలెనని చట్టము. జూలై మాసపు హాజరును, పత్తి తీయు దినముల హాజరును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. రెండవ దానిలో గీతలు తరిగిపోయినచో తప్పు బడిది మాత్రమే కాదు, మనదియు. ఉపాధ్యాయుని కుర్చీ ఖాళీగ నున్నచో వెంటనే నిందింపక కారణ మరయుడు. జనాభా లెక్కలకు, విపత్తు సహాయమునకు, ఎన్నికలకు తప్ప ఉపాధ్యాయులను చదువుతో సంబంధము లేని పనికి పంపరాదని అదే చట్టము చెప్పుచున్నది.

ఇక ముఖ్యమైన పరీక్షకు వచ్చుచున్నాను. దీనికి మీకు వచ్చిన తెలుగు చాలును. ఐదవ తరగతి పిల్లల నలుగురిని, ఒక్కొక్కరిని విడిగా ప్రక్కకు పిలువుడు. గురువు ముందుకు త్రోసిన చురుకైన బాలుడొక్కడే చాలడు. చివరి వరుస బిడ్డ యొకరు, ఆడపిల్ల యొకతె, తరచు బడి మానువాడొకడు ఉండవలెను. వారి పాఠ్యపుస్తకము నీయకుడు, అది కంఠస్థమై యుండవచ్చును. రెండవ తరగతి స్థాయి చిన్న కథ నొకదానిని, వారు చూడనిదానిని, చేతికిండు. చదివిన తరువాత "ఏమి జరిగినదో నీ మాటలలో చెప్పుము" అని యడుగుడు. చదువలేనిచో నాలుగు సులభ వాక్యములు, అవియు రానిచో పదములు, తుదకు అక్షరములు చూపుడు. ఒత్తుల వద్ద ఆగినదా, గుణింతము వద్దనే ఆగినదా మీకే తెలియును. లెక్కలలో ఒకటి అప్పు తెచ్చుకొని చేయు రెండంకెల తీసివేతయు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించుటయు చాలును. ఏమి వచ్చినను, రాకున్నను, బిడ్డను "శభాష్" అని పంపుడు. మనము పరీక్షించునది బడిని గాని బిడ్డను గాదు.

ఈ పద్ధతి నా కల్పన కాదు. 'ప్రథమ్' అను సంస్థ 2005 నుండి 'అసర్' అను పేర గ్రామములలో ఇంటింటికి పోయి ఇట్లే చదివించి చూచుచు వచ్చినది. 2024లో దేశమందలి గ్రామములలో, ప్రభుత్వ ప్రైవేటు బడులు రెండును కలిపి, ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు సగమునకు కొంచెము తక్కువ. కాబట్టి పట్టణపు బడి యనగానే చదువు వచ్చునని తలపరాదు. ఆ బడిలో చదువు మన ఊరి బిడ్డకును ఇదే కథను ఇచ్చి చూడుడు. టై కట్టిన బిడ్డ ఆంగ్ల పద్యము నప్పగించుట చదువుట కాదు. రెండు రాష్ట్రముల ప్రభుత్వ పాఠ్యపుస్తకములలోను ఇటీవల ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగ అచ్చువేయుచున్నారు. తెలుగు పుట అర్థమైన బిడ్డకు ఎదుటి పుట అందుబాటులోనికి వచ్చును; అది యర్థము కానివానికి రెండు పుటలును నల్లని గీతలే.

మధ్యాహ్నము వరకు ఉండి భోజనమును చూడుడు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది మొదలు వండిన అన్నము బడిపిల్లల హక్కయినది. ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఏర్పాటు చేసినారు. వడ్డించుటకు ముందు ఉపాధ్యాయుడు రుచి చూడవలెను. పప్పులో నీరెంతయో చూచుటతో పాటు పంక్తిని కూడ చూడుడు. అన్ని వాడల బిడ్డలును కలిసి కూర్చుందురా? ఊడ్చు పని, నీళ్లు తోడు పని ఎప్పుడును ఒక వాడ బిడ్డలకే పడుచున్నదా? గురువు చేతిలో బెత్తమున్నదా? కొట్టుట, అవమానించుట చట్టమే నిషేధించినది. ప్రశ్న యడుగుటకు చేయెత్తు బిడ్డలున్న గదిలో భయము లేదని తెలిసికొనుడు.

చేర్పింపవచ్చిన కుటుంబమునకు మీరు చెప్పవలసిన మాటలు కొన్ని కలవు. జనన ధ్రువపత్రము లేదనియు, బదిలీపత్రము ఆలస్యమైనదనియు బిడ్డను చేర్చుకొనకుండుట చెల్లదు. ప్రవేశపరీక్ష పెట్టరాదు. నడుమ మాసములలో వచ్చినను చేర్చుకొనవలసినదే. బడిలో ఏ తరగతి వరకు కలదో ముందుగా తెలిసికొని చెప్పుడు. ఆంధ్రప్రదేశమున 2022లో కొన్ని బడుల 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిరి; 2025లో మరల ఏర్పాట్లు మారినవి. మూడవ తరగతికి బిడ్డ రహదారి దాటి నడువవలసి యుండునా యనునది తల్లికి పెద్ద ప్రశ్న.

చూచిన పిదప లోపములు కనబడకుండునా? కనబడును. అప్పుడు ఊరిబడికి గల బలము నొకదానిని మరువరాదు. ప్రతి ప్రభుత్వ పాఠశాలకును ఒక యాజమాన్య సంఘముండవలెను. అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తములో సగము స్త్రీలు. బడి అభివృద్ధి ప్రణాళిక వ్రాయుట, ధనము ఖర్చగు విధమును చూచుట వారి పని. ప్రభుత్వ సహాయము లేని ప్రైవేటు బడికి ఈ నిబంధన వర్తింపదు. అచ్చట తండ్రి రుసుము చెల్లించువాడు, ఇచ్చట చట్టము ప్రకారము పీట గలవాడు. ఆ పీట ఖాళీగ నుంచినది మనమే యైనచో ఎవరిని నిందింతుము?

ఒక సంగతి నిర్మొగమాటముగ చెప్పుచున్నాను. స్తోమత గలవారు ఒక్కొక్కరు బిడ్డను బస్సెక్కించిన కొలది బడిలో సంఖ్య తగ్గును. సంఖ్య తగ్గిన ఉపాధ్యాయుని వేరొక చోటికి పంపుదురు. గురువు తగ్గిన చదువు తగ్గును. దానిని చూపి మరి నలుగురు వెడలిపోవుదురు. తుదకు మిగులునది కూలివారి బిడ్డలు. కొన్ని యిండ్లలో అన్న బస్సెక్కగా ఊరిలో మిగిలిన చెల్లెలు. అటులని లోపమును దాచి బిడ్డలను నిలుపుమని నేను చెప్పను. బిడ్డ బడి కొరకు గాదు, బడియే బిడ్డ కొరకు.

కాబట్టి అడిగినవారికి మూడు మాటలు చెప్పుడు: మన బడిలో ఈ మంచి కలదు, ఈ కొరత కలదు, ఆ కొరత తీర్చుటకు మేమీ పని చేయుచున్నాము. మూడవ మాట చెప్పగలుగుటకై ఈ జూన్‌లోగా ఒక మంగళవారము బడికి పోయి రండు.