నీళ్లు సగం బాగుపడితే కామెర్లు ఎందుకు పెరుగుతాయి?

2024 జనవరిలో హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హెపటైటిస్-ఎకు మన దేశంలోనే రూపొందించిన తొలి టీకాను ‘హావిష్యూర్’ పేరుతో విడుదల చేసింది. పుట్టిన రోజే హెపటైటిస్ టీకా వేయించాం కదా, మళ్లీ ఇదెందుకని తల్లిదండ్రులకు అనుమానం రావడం సహజం. పుట్టగానే వేసేదీ, తర్వాత పెంటావాలెంట్‌లో కలిపి ఇచ్చేదీ బి రకానికి టీకా. బి రకం రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఎ రకం దారి వేరు: రోగి మలం నుంచి నీళ్లలోకి, తిండిలోకి, అక్కడినుంచి ఇంకొకరి నోట్లోకి. సోకిన రెండు నుంచి నాలుగు వారాలకు జ్వరం, వాంతులు, ఆకలి చచ్చిపోవడం, ఆపైన కళ్లు పచ్చబడటం. ఇది బి, సి రకాల్లా ఏళ్లతరబడి కాలేయంలో తిష్ఠ వేయదు. ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ జన్మలో రాదు. ఇంతవరకూ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. విచిత్రమంతా ఆ తర్వాత ఉంది. కర్నూలు, కడప లాంటి చోట్ల నీళ్లు బాగుపడేకొద్దీ ఈ వైరస్ సోకడం తగ్గుతుంది కానీ, కామెర్లు మాత్రం కొంతకాలం పెరిగే అవకాశం ఉంది. టీకా కావాలా వద్దా అన్న వాదన తేలాలంటే ముందు ఈ చిక్కుముడి విప్పాలి.

చిక్కుముడి వయసులో ఉంది. ఆరేళ్లలోపు పిల్లలకు ఈ వైరస్ సోకితే పదిమందిలో సుమారు ఒకరికే కామెర్లు కనబడతాయి. మిగతావారికి ఏదో జ్వరమో విరేచనాలో వచ్చి పోతాయి, లేదా ఏమీ తెలియదు. పెద్ద పిల్లల్లో, యువకుల్లో అయితే పదిమందిలో ఏడుగురికి పైగా పచ్చబడతారు. యాభై దాటితే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది. వైరస్ అదే, ఒళ్లే మారింది. పైగా ఈ వైరస్ కాలేయ కణాలను నేరుగా పెద్దగా చంపదు. సోకిన కణాలను వెతికి హతమార్చే మన రక్షణ వ్యవస్థే ఆ నష్టంలో ఎక్కువ భాగానికి కారణమని శాస్త్రవేత్తల అవగాహన. దానంతట అది తగ్గే జబ్బు కాబట్టే నేలఉసిరి పసరుకూ, చేతిమీద పెట్టే వాతకూ అంత పేరొచ్చింది. నూటికి తొంభైతొమ్మిదిమంది ఏ మందూ లేకపోయినా లేచి తిరిగే జబ్బులో ఏ నాటువైద్యుడూ ఓడిపోడు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇది సర్వే కాదు, పై నిష్పత్తులతో కట్టిన ఊహ. ఒక ఊళ్లో వెయ్యిమంది పిల్లలు పుట్టారు. నీళ్లు బాగా చెడ్డవి, రోగనిరోధకత లేని ప్రతి వందమందిలో ఏటా ఇరవైమందికి వైరస్ సోకుతుంది. ఆరేళ్లు నిండేసరికి 738 మందికి, ఆరు నుంచి ఇరవై ఏళ్ల మధ్య మరో 250 మందికి సోకుతుంది. చిన్నవాళ్లలో పదోవంతు, పెద్దవాళ్లలో పదికి ఏడుగురు పచ్చబడితే మొత్తం కామెర్ల కేసులు 249. ఇప్పుడు నీళ్లు బాగుపడి ఏటా సోకేవారు వందకు అయిదుగురికి తగ్గారనుకోండి. ఆరేళ్లలోపు 265 మందికి, ఆరు నుంచి ఇరవై మధ్య 377 మందికి సోకుతుంది. సోకినవారు 988 నుంచి 642కు తగ్గారు, సంతోషమే. కానీ కామెర్లు 290కి పెరిగాయి! అంతేకాదు, 358 మంది ఏ రక్షణా లేకుండా ఇరవై దాటారు. నీళ్లు చెడ్డగా ఉన్నప్పుడు అలాంటివాళ్లు పన్నెండుమందే. నీళ్లు పూర్తిగా బాగుపడితే ఈ బాధ ఉండదు. సగం బాగుపడ్డ దశలోనే ప్రమాదం పొంచి ఉంటుంది.

మన దేశంలో పెద్దవాళ్లకు ఒకప్పుడు ఈ రక్షణ ఎంత గట్టిగా ఉండేదో ఒక పొరపాటు వల్ల తెలిసింది. 1955 చివర్లో యమున వరదకు మురుగునీరు వజీరాబాద్ నీటి శుద్ధి కేంద్రంలోకి చేరింది. ఢిల్లీలో 29 వేలమందికి పైగా కామెర్లు వచ్చాయి. నీటి ద్వారా వచ్చింది కాబట్టి అది ఎ రకమేనని వైద్యప్రపంచం తీర్మానించి పుస్తకాల్లో రాసుకుంది. రోగుల్లో ఎక్కువమంది యువకులన్న సంగతి కళ్లెదుటే ఉన్నా దాని అర్థం ఎవరికీ తట్టలేదు. భద్రపరచిన రక్తనమూనాలను 1980 ప్రాంతంలో పరీక్షిస్తే, ఎ రకం తాజాగా సోకిన గుర్తు లేదు, చిన్నప్పుడెప్పుడో సోకి పోయిన పాత యాంటీబాడీలే ఉన్నాయి. అంటే కామెర్లు తెచ్చింది మరో వైరస్. కశ్మీర్‌లో 1978 నాటి కామెర్ల మహమ్మారిని పరిశీలించిన డాక్టర్ ఖురూ కూడా ఆ నిర్ణయానికే వచ్చారు. సోవియట్ వైరాలజిస్టు మిఖాయిల్ బలయాన్ రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు, 1983లో ఆ వివరాలు ప్రకటించాడు. ఎ రకానికి యాంటీబాడీలు ఆయన ఒంట్లో ముందే ఉన్నాయి కాబట్టి ఆ జబ్బు వేరేదని తేలిపోయింది. అదే నేటి హెపటైటిస్-ఇ. 2005లో హైదరాబాద్ పాతబస్తీని పట్టింది కూడా ఇదే. ఢిల్లీ యువకులకు 1955లో ఎ రకం నుంచి ఉన్న కవచం, నేటి మన పిల్లల్లో చాలామందికి ఉండకపోవచ్చు. కవచం లేని తరం పెరిగితే ఏమవుతుందో షాంఘై చూసింది: 1988లో కలుషితమైన గుల్లలు తిని దాదాపు మూడు లక్షలమందికి ఎ రకం సోకింది, ఎక్కువమంది ఇరవై నుంచి నలభై ఏళ్లవారు. పారిశుద్ధ్యంలో మనకన్నా ముందున్న కేరళలోనే ఇటీవల పెద్దవాళ్లకు ఎ రకం కామెర్లు పదేపదే రావడం, 2024లో మరణాలు కూడా సంభవించడం ఈ లెక్కకు సరిపోతున్నాయి.

ఇక రాయలసీమ సంగతి. మా ఊళ్లలో నీళ్లేం బాగుపడలేదు, పిల్లలకు రావాల్సింది ఎలాగూ వస్తుంది, టీకా దండగ అనేవారున్నారు. 2021 ఏప్రిల్‌లో పాణ్యం మండలం గోరుకల్లులో కలుషిత నీటితో ప్రబలిన అతిసారాన్ని చూపిస్తే కాదనలేం. కానీ కరువు సీమలో నీటి నాణ్యత వీధివీధికీ మారుతుంది. ఒక ఇంట్లో ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాను, పక్కింట్లో కొళాయి, ఆ పక్క వీధిలో ట్యాంకరు. వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊళ్లలో, నీళ్లు ఆగిన గంటల్లో పైపులో ఒత్తిడి పడిపోతుంది. పగులున్న చోట మురుగుకాలువ పక్కనే ఉంటే ఆ మురుగును పైపే లోపలికి పీల్చుకుంటుంది. కొళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. క్యాను నీళ్లతో పెరిగిన పిల్లవాడు పదిహేనో ఏట ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, ఏ గురుకులంలోనో, కర్నూలులో ఇంటర్ కోచింగ్ హాస్టల్‌లోనో వందలమందితో ఒకే వంటగది తిండి తింటాడు. ఈ వైరస్ కళ్లు పచ్చబడటానికి వారం రెండు వారాల ముందునుంచే మలంలో బయటికి వస్తుంది, అప్పటికి ఎవరూ రోగిని గుర్తించలేరు.

అలాగైతే చిన్నప్పుడే మురికినీళ్లు తాగనిస్తే పోలేదా అని ఎదురు ప్రశ్న వస్తుంది. పోదు. ఆ నీళ్లలో ఎ రకం ఒంటరిగా రాదు. టైఫాయిడ్, కలరా, గర్భిణుల ప్రాణాలు తీసే ఇ రకం వెంట వస్తాయి. జబ్బు బయటపడని పసివాడే ఇంట్లో పెద్దలకు వైరస్ అంటిస్తాడు. పోలియో కూడా ఇదే దారిలో నడిచింది: పాశ్చాత్య నగరాల్లో పారిశుద్ధ్యం పెరిగాకే పక్షవాతపు పోలియో మహమ్మారిగా మారింది, 1916లో న్యూయార్క్ అల్లాడింది. అందుకని ఎవరూ మురుగు కాలువలు తిరిగి తెరవలేదు, టీకా కనిపెట్టారు.

టీకా విషయంలో ఎ రకానికి ఒక సౌకర్యం కూడా ఉంది. ప్రపంచమంతటా ఈ వైరస్‌కు ఉన్నది ఒకే సీరోటైపు. పై తొడుగు ఎక్కడైనా దాదాపు ఒకటే కాబట్టి ఏ దేశపు టీకా అయినా ఏ దేశపు వైరస్‌నైనా ఆపగలదు. ఇజ్రాయెల్ 1999లో పసిపిల్లలందరికీ రెండు డోసులు మొదలుపెడితే కేసులు నూటికి తొంభైకి పైగా పడిపోయాయి, టీకా వేయించుకోని పెద్దవాళ్లు కూడా బాగుపడ్డారు. అర్జెంటీనా 2005 నుంచి ఏడాది పిల్లలకు ఒక్క డోసే వేసి అలాంటి ఫలితమే సాధించింది. ఖర్చు గురించి గొణిగేవారికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మరి మన దగ్గర? పిల్లల వైద్యుల సంఘం ఈ టీకాను సిఫారసు చేస్తుంది, ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు. కొనగలిగినవాడు ప్రైవేటు క్లినిక్‌లో కొంటాడు. ఇది సగం మేలు కాదు, కొనలేనివారికి కొత్త ప్రమాదం కూడా కావచ్చు. కొందరికే టీకా వేస్తే వైరస్ తిరగడం కొంత తగ్గి, మిగతావారికి అది సోకే వయసు పెరుగుతుంది. గ్రీసులో రుబెల్లా టీకా అరకొరగా వేయడంతో అది సోకే వయసు ఇలాగే పెరిగి, 1993లో గర్భస్థ శిశువులు మూల్యం చెల్లించారు. పెద్ద పిల్లల్లో, పెద్దల్లో కేసులు పెరుగుతుంటే, ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటే, ఈ టీకాను జాతీయ పట్టికలో చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆ సంగతి తేల్చడం కర్నూలు, కడప వైద్య కళాశాలలకు పెద్ద పనేమీ కాదు: హాస్టళ్లలో చేరే పిల్లల రక్తంలో పాత యాంటీబాడీలు ఎందరికి ఉన్నాయో చూడాలి. తక్కువమందికే ఉంటే ఏడాది పిల్లలకు ఒక డోసు, హాస్టల్లో చేరేవారికి ఒక డోసు ప్రభుత్వమే వేయాలి. పైపులు బాగుచేయడం ఎలాగూ ఆపకూడదు. ఆ పని పూర్తయ్యేదాకా మధ్యకాలపు ప్రమాదాన్ని పదిహేనేళ్ల పిల్లల కాలేయాల మీదికి నెట్టకుండా ఆపగలిగింది టీకా ఒక్కటే.